"ముందు రాష్ట్రం రానీ" అన్న మాటకు చప్పట్లు కొట్టకండి

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం మా ఊళ్ళో తెలంగాణ మిత్రులంతా కలిశాం. ఒక స్కూలు కెఫెటేరియా అద్దెకు తీసుకున్నాం. ఇంటికొక వంటకం. సకినాలు, పచ్చిపులుసు, మటన్, పిల్లలకు పిజ్జా. ఇండియా నుంచి వచ్చిన ఒక నాయకుడు ముఖ్య అతిథి. ఆయన పేరు, పార్టీ ఇక్కడ అనవసరం. ఏ పార్టీ ఆయన వచ్చినా ఆ సాయంత్రం అట్లాగే గడిచేది. శాలువాలు కప్పాం, బొకేలు ఇచ్చాం, వరసలో నిలబడి ఫోటోలు దిగాం. సకల జనుల సమ్మె గురించి ఆయన మాట్లాడుతుంటే కొందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన రిటైర్డ్ టీచరు. 1969లో చదువు ఒక ఏడాది పోగొట్టుకున్న తరం. ఆయన అడిగింది ఒక్కటే: "సార్, 71ల మేం ఓట్లేసి పదిమందిని గెలిపిస్తిమి. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఓట్లు తీస్కపోయి ఎవరికి అప్పజెప్పిండ్రో మీకెరుకే. ఈసారి అట్ల కాదని మాకేం భరోస?"

నాయకుడు నవ్వాడు. "పెద్దాయనా, ముందు రాష్ట్రం రానియ్యండి. మిగతాదంతా తర్వాత మనం మనం చూసుకుందాం."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పెద్దమనిషి ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు. ఇంటికి వస్తుంటే కారులో నా చప్పట్లు నాకే తప్పుగా తోచాయి. ఆయన అడిగింది రాష్ట్రం వద్దని కాదు. మా ఓటు మళ్ళీ ఎవరి జేబులోకి పోతుంది అని. అది ఈ ఉద్యమంలో అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. దానికి మనం చప్పట్లతో నోరు మూయించాం.

ఆ చప్పట్లకు ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో నా గొడవ ఇద్దరితో. ఒకరు "తెలంగాణ వస్తే మళ్ళీ దొరల రాజ్యమే, ఎందుకు మీకు రాష్ట్రం?" అని మనల్ని ఎగతాళి చేసే సమైక్యవాదులు. రెండోవారు "ముందు రాష్ట్రం రానీ, దొరల సంగతి తర్వాత" అనే మనవాళ్ళు. ఇద్దరూ వేర్వేరు మాటలు చెబుతున్నట్టు ఉంటుంది. కాని ఇద్దరి లెక్కా ఒకటే: పాలించేవాళ్ళ సంగతి జనానికి అనవసరం.

కొద్దిమంది, ఎక్కువమంది

వంద ఏళ్ళ కిందట ఇటలీలో గెటానో మోస్కా అనే పండితుడు ఒక మొరటు నిజం రాశాడు. రాచరికం కానివ్వండి, ప్రజాస్వామ్యం కానివ్వండి, పాలించేది ఎప్పుడూ కొద్దిమందే. ఆ కొద్దిమంది అంతమందిని ఎట్లా లొంగదీస్తారు? తెలివితో కాదు, బలంతో కూడా కాదు, కూడబలుక్కోవడంతో. ఒక మాట మీద ఉన్న వందమంది, ఎవరికి వారుగా ఉన్న వెయ్యిమందిని ఒక్కొక్కరిగా పట్టుకుని ఓడిస్తారు. పైగా పాలకులు తమ పెత్తనానికి ఎప్పుడూ ఒక అందమైన పేరు పెట్టుకుంటారని కూడా ఆయన అన్నాడు. ఒకప్పుడు రాజుకు దైవాజ్ఞ ఉండేది. మన దగ్గర ఆ పేరు "తెలుగుజాతి ఐక్యత".

ఆయన కాలం వాడే విల్ఫ్రెడో పరేటో. పాలకవర్గం కలకాలం ఉండాలంటే కింద నుంచి చురుకైనవాళ్ళను ఎప్పటికప్పుడు తనలో కలుపుకోవాలి అన్నాడు. కలుపుకోవడం చేతకాని వర్గం కూలిపోతుంది, దాని స్థానంలో ఇంకో వర్గం వస్తుంది. మూడోవాడు రాబర్ట్ మిషెల్స్. ఆయన రాజులను పరిశీలించలేదు. అప్పట్లో యూరప్‌లో ప్రజాస్వామ్యం కోసం అందరికంటే గట్టిగా నిలబడ్డ జర్మనీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీని పరిశీలించి 1911లో పుస్తకం రాశాడు. అంత మంచి పార్టీలో కూడా చివరికి పెత్తనం ఆఫీసులో కూర్చున్న కొద్దిమంది చేతికే పోయిందని చూపించాడు. ఉద్యమానికి సంస్థ కావాలి, సంస్థకు నాయకులు కావాలి, నాయకులకు కొన్నాళ్ళకు ఉద్యమం కంటే కుర్చీయే ముఖ్యమవుతుంది.

ఈ ముగ్గురినీ చదవడానికి ఇటలీ పోనక్కర లేదు. నల్లగొండ జిల్లా చాలు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం దేశ్‌ముఖ్‌లను గడీల నుంచి తరిమారు. భూములు పంచుకున్నారు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది, నిజాం పోయాడు. సైన్యం వెనకాలే ఆ దేశ్‌ముఖ్‌లు కూడా ఊళ్ళకు తిరిగొచ్చారు. ఈసారి షేర్వానీతో కాదు, ఖద్దరు టోపీతో. నిన్న నిజాంకు సలాం కొట్టిన చేయి ఇవాళ కాంగ్రెస్ జెండా పట్టుకుంది. రాజ్యం మారింది, భూమి మళ్ళీ అదే చేతికి పోయింది. మన తాతలు ప్రాణాలు పెట్టి నేర్చుకున్న పాఠం ఇది. మనం దాన్ని పాటల్లో పాడుకుంటాం, రాజకీయాల్లో మరిచిపోతాం.

ఎనిమిది సంతకాలు

ఇక 1956 చూడండి. అంతకుముందు ఏడాది ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను వేరే రాష్ట్రంగా ఉంచాలని చెప్పింది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చు అంది. అంటే జనాన్ని అడిగి, వాళ్ళు ఎన్నుకున్న సభను అడిగి, ఆ తర్వాత చేయమంది.

ఆ అడగడాన్ని తప్పించడానికి జరిగిందే పెద్దమనుషుల ఒప్పందం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఎనిమిది మంది కూర్చున్నారు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. రంగారెడ్డి, చెన్నారెడ్డి అంతకుముందు దాకా ప్రత్యేక తెలంగాణ కావాలన్నవాళ్ళే. కోట్ల మంది తలరాత మీద ఎనిమిది మంది సంతకాలు పెట్టారు.

సమైక్యవాదులు ఇక్కడ ఒక మాట అంటారు: అప్పటి హైదరాబాద్ శాసనసభ చర్చలో ఎక్కువమంది విశాలాంధ్రకే మొగ్గు చూపారు కదా అని. నిజమే, చూపారు. కాని ఆ సభ 1952లో ఎన్నికైంది, ఈ ప్రశ్న మీద ఎన్నికైంది కాదు. అందులో తెలంగాణవాళ్ళతో పాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల సభ్యులూ ఉన్నారు. కమిషన్ చెప్పింది కొత్త ఎన్నిక జరిపి తెలంగాణవాళ్ళను అడగమని. అడిగితే ఏం జవాబు వస్తుందో తెలిసినవాళ్ళే అడగకుండా కానిచ్చారు.

ఒప్పందంలో రాసింది ఎంత నిలబడింది? ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి ఉంటే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి ఉండాలి అన్నారు. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి మాయమైంది. ప్రాంతీయ మండలి అన్నది ప్రాంతీయ సంఘమైంది, 1973 ఆరు సూత్రాల పథకంతో అదీ పోయింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, ఏడాది తిరిగేసరికి పార్లమెంటులో చట్టం తెచ్చి వాటినే రద్దు చేశారు. 1985లో 610 జీవో ఇచ్చారు. దాన్ని అమలు చేయండని 2011 దాకా పాతికేళ్ళుగా ధర్నాలు చేస్తూనే వచ్చాం.

ఇవన్నీ ఆంధ్ర పాలకుల మోసాలు అని మనం రోజూ రాస్తాం. నేనూ రాశాను. కాని ఈ జాబితాను ఇంకోసారి చదవండి. ప్రతిచోటా అవతలి సంతకం పక్కన మన సంతకం కూడా ఉంది. మనవాడు ఒకడు మంత్రి కావడానికో, గవర్నర్ కావడానికో ఒప్పుకుంటే తప్ప ఇందులో ఏదీ జరిగేది కాదు.

పది సీట్లు ఎటుపోయాయి

ఆ టీచరు గారు అడిగిన 1971కి వద్దాం. 1969 ఉద్యమాన్ని మొదలుపెట్టింది విద్యార్థులు, ఉద్యోగులు. ఉద్యమకారుల లెక్కలో 369 మంది ప్రాణాలు పోయాయి. తెలంగాణ ప్రజాసమితిని పెట్టింది కూడా పెద్ద నాయకులు కాదు. చెన్నారెడ్డి గారు ఎన్నికల కేసులో ఓడి, కేంద్రమంత్రి పదవి పోయి ఉన్న సమయంలో వచ్చి దానికి అధ్యక్షుడయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో, దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే, తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రజాసమితికి ఇచ్చారు జనం. అంతకంటే స్పష్టంగా ఓటు భాషలో ఎవరు చెప్పగలరు?

అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు, అదే మనకు దక్కిన విజయం అన్నారు. చెన్నారెడ్డి గారు 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నర్, 1978లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రం మాత్రం రాలేదు. ఏరు దాటక ముందే తెప్ప తగలబెట్టారు.

ఇటలీలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇదే ఆట ఆడారు. ప్రధాని డెప్రెటిస్ ప్రతిపక్షాన్ని ఓడించలేదు, ఒక్కొక్కరినీ తన వైపు కలుపుకున్నాడు. పార్లమెంటులో ఎదిరించేవాడు మిగల్లేదు. పరేటో చెప్పిన కలుపుకోవడం అంటే అదే. కాంగ్రెస్ హైకమాండ్ 1971లో తెలంగాణను అణచలేదు, మింగింది. లాఠీ తగిలితే జనం ఇంకా కసిగా లేస్తారు. మింగితే ఎవరి మీద లేవాలో కూడా తెలియదు.

పద్నాలుగు రోజులు

ఇది పాత కథ, ఇప్పుడు జనం తెలివి మీరారు అంటారా? 2009 డిసెంబర్ గుర్తు చేసుకోండి. 7వ తేదీన అఖిలపక్షంలో పెద్ద పార్టీలు తీర్మానానికి అడ్డు చెప్పలేదు. 9వ తేదీ రాత్రి చిదంబరం ప్రకటన. మనం ఇక్కడ మిఠాయిలు పంచుకున్నాం, ఒకరినొకరు ఫోన్‌లో పట్టుకుని ఏడ్చాం. తెల్లారేసరికి సీమాంధ్ర శాసనసభ్యులు పార్టీలకు అతీతంగా రాజీనామా లేఖలు పట్టుకుని వరస కట్టారు. 23వ తేదీన ప్రకటన వెనక్కి పోయింది. పద్నాలుగు రోజులు.

2011 జూలైలో మనవాళ్ళూ రాజీనామాలు ఇచ్చారు, ఎంపీలు, వందమంది దాకా ఎమ్మెల్యేలు. ఏం జరిగింది? భావోద్వేగంతో ఇచ్చారని స్పీకర్ తిప్పి పంపారు. మనవాళ్ళలో చాలామంది హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు సమ్మె జరిగింది. సింగరేణిలో బొగ్గు ఆగింది, బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి, జీతాలు లేక ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టమైంది. అయినా ఢిల్లీ కదల్లేదు.

అక్కడ కొద్దిమంది రాజీనామా లేఖలకు రెండు వారాల్లో కదిలిన ప్రభుత్వం, ఇక్కడ లక్షల మంది సమ్మెకు ఎందుకు కదల్లేదు? సీమాంధ్ర పాలకవర్గానికి హైదరాబాద్‌లో భూములు, కాంట్రాక్టులు, పరిశ్రమలు, పత్రికలు, టీవీ చానెళ్ళు ఉన్నాయి. అక్కడ కాంట్రాక్టరు, చానెల్ యజమాని, ఎంపీ చాలాసార్లు ఒకే ఇంటివాళ్ళు. ఏ పార్టీలో ఉన్నా వాళ్ళ ఆస్తి వాళ్ళను ఒక్కటి చేస్తుంది. మనం ఉంటున్న ఈ అమెరికా గురించి సి. రైట్ మిల్స్ "ది పవర్ ఎలీట్" అని పుస్తకం రాశాడు. కంపెనీల పెద్దలు, సైన్యం పెద్దలు, రాజకీయ పెద్దలు ఒకే బడుల్లో చదివి, ఒకే క్లబ్బుల్లో కూర్చుని నిర్ణయాలు చేస్తారని చూపించాడు. ఆ పుస్తకం వచ్చింది కూడా 1956లోనే.

మన నాయకులను ఒక్కటి చేసేది ఏముంది? జనమే. వాళ్ళకు కుర్చీ ఇచ్చేది మాత్రం జనం కాదు, హైకమాండ్. అందుకే జనం ముందు ఒక మాట, ఢిల్లీలో ఒక మాట. శ్రీకృష్ణ కమిటీ నివేదికలో దాచిపెట్టిన ఎనిమిదో అధ్యాయం గురించి 2011 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు మనకు కోపం వచ్చింది. మీడియాను ఎట్లా సంభాళించాలి, నాయకులను ఎట్లా సంభాళించాలి అని కేంద్రానికి సలహా ఇచ్చారని. కోపం న్యాయమే. కాని నాయకులను సంభాళించవచ్చు అన్న ధైర్యం ఆ కమిటీకి ఎక్కడిది? 1971 చరిత్ర చదివితే ఎవరికైనా వస్తుంది.

సమైక్యవాదులకు జవాబు

ఇంతదాకా చదివి సమైక్యవాద మిత్రులు సంతోషపడుతుంటే వాళ్ళకు ఒక మాట. మీ నాయకులు దొంగలే అని మీరే ఒప్పుకున్నారు కదా, ఇక రాష్ట్రం ఎందుకు అంటారా? అందుకే కావాలి.

దొర చెడ్డవాడు అన్నది సరే. ఆ చెడ్డ దొరను దించడం ఎక్కడ సులభం? 2011లో 294 మంది సభలో తెలంగాణ సభ్యులు 119 మందే ఉండేవారు. వాళ్ళంతా ఒక్క మాట మీద నిలబడినా ఓడిపోయేవారే. గెలవని చోట నిలబడమని మన ఎమ్మెల్యేను ఎట్లా అడగాలి? ఆయన దగ్గర ఎప్పుడూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. "నేను అడిగిన, ముఖ్యమంత్రి ఇయ్యలే. ఆంధ్రోళ్ళు అడ్డుపడ్డరు. హైకమాండ్ వినలే." 2011 దాకా 55 ఏళ్ళలో తెలంగాణ నుంచి ముఖ్యమంత్రులు అయినవాళ్ళు పి.వి., చెన్నారెడ్డి, అంజయ్య. అందరి కాలం కలిపితే ఆరేళ్ళ పైచిలుకు. ఖమ్మం జిల్లా నుంచి గెలిచిన జలగం వెంగళరావును కలుపుకున్నా పదిన్నర. వాళ్ళు కూడా ఆ కుర్చీలో కూర్చున్నది అవతలి మెజారిటీ దయ మీదే. రాష్ట్రం వస్తే దొర మాయం కాడు. దొర చేతిలోని సాకు మాయమవుతుంది. 119 మంది సభలో నీళ్ళు ఎందుకు రాలేదు, ఉద్యోగం ఎందుకు రాలేదు అంటే ఆయన వేలు చూపించడానికి ఇంకెవరూ ఉండరు.

దొరల పేరుతో దళితులను, బీసీలను భయపెట్టేవాళ్ళు అంబేద్కర్‌ను చదవాలి. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఆయన ఆంధ్ర గురించే రాశాడు. రెండు మూడు పెద్ద కులాల చేతిలోనే భూమి, ఉద్యోగం, వ్యాపారం ఉన్నాయని, వాళ్ళ కింద మిగతావాళ్ళు బతకాలని. రాష్ట్రం ఎంత పెద్దదైతే చిన్న కులాల మాట అంత చిన్నదవుతుంది అన్నది ఆయన భయం. అందుకే పెద్ద రాష్ట్రాలను విడగొట్టమన్నాడు. దొరల మీద నిజంగా కోపం ఉన్నవాడు రెండు ప్రాంతాల దొరలను ఒకే సభలో కూర్చోబెట్టి బలం పెంచడు.

మనవాళ్ళకు జవాబు

ఇప్పుడు మనవైపు. "ముందు రాష్ట్రం రానీ" అనే మిత్రులారా, జార్ఖండ్ చూడండి. దశాబ్దాల ఆదివాసీ ఉద్యమం తర్వాత 2000 నవంబర్‌లో ఆ రాష్ట్రం వచ్చింది. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి అక్కడ ముఖ్యమంత్రిగా చేసిన మధు కోడా అవినీతి కేసులో జైలుకు పోయాడు. చిన్న రాష్ట్రాలు ఇంతే అని సమైక్యవాదులు అంటారు. తప్పు. జార్ఖండ్ కథ రాష్ట్రం రాకముందే చెడింది. 1993లో కేంద్ర ప్రభుత్వాన్ని అవిశ్వాసం నుంచి కాపాడడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు తీసుకున్నారన్న కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. డబ్బు తీసుకుని సభలో ఓటేసినవాళ్ళకు రాజ్యాంగం 105వ అధికరణం కింద రక్షణ ఉందని 1998లో కోర్టు చెప్పింది. శిక్ష తప్పి ఉండవచ్చు, కాని నాయకులను లెక్క అడిగే అలవాటు ఉద్యమానికి అప్పటికే పోయింది. రాష్ట్రం వచ్చిన రోజున ఆ అలవాటు కొత్తగా ఎక్కడి నుంచి వస్తుంది?

2011 జూన్‌లో మనల్ని విడిచిపోయిన జయశంకర్ సార్ ఉద్యమానికి మూడు పనులు చెప్పేవారు. భావవ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ. మూడూ కలిసి నడవాలి. ఇవాళ మూడోది మిగతా రెంటినీ మింగుతోంది. భావవ్యాప్తి చేసిన టీచరు, కవి, కళాకారుడు వేదిక కింద ఉన్నారు. ఆందోళన చేసిన విద్యార్థి కేసుల్లో తిరుగుతున్నాడు. ప్రాణాలు తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఫోటోలు పట్టుకుని మీటింగుల్లో నిలబడుతున్నారు. వేదిక మీద కూర్చుని టికెట్ల లెక్కలు వేసేది ఇంకొకరు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగాక బోడి మల్లన్న అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

మిషెల్స్, మోస్కా ఇద్దరి బతుకూ మనకు ఒక హెచ్చరిక. ఎవరైనా అంతే, పెత్తనం ఎప్పటికీ కొద్దిమందిదే అని తేల్చిన మిషెల్స్ చివరికి ముస్సోలినీ పార్టీలో చేరాడు. అందరూ దొంగలే అనుకున్నవాడికి బలమైన దొంగ నచ్చుతాడు. మోస్కా జీవితమంతా పార్లమెంటును వెక్కిరించినవాడే. కాని 1925లో ముస్సోలినీ తనకు తిరుగులేని అధికారం కావాలని బిల్లు తెస్తే, సెనేట్‌లో లేచి దానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. కొద్దిమంది పాలిస్తారు అన్న నిజం తెలిసినప్పుడు మన ముందు రెండు దారులు ఉంటాయి. వాళ్ళకు దండం పెట్టడం, లేదా వాళ్ళ చుట్టూ కంచె కట్టడం.

కంచె అంటే ఏమిటి

మాటల్లో చెప్పి వదిలేయను. మన దగ్గరికి వచ్చే ప్రతి నాయకుడినీ, ఏ పార్టీ అయినా, అడగాల్సినవి ఇవి.

మీ పార్టీ ఇంకో పార్టీలో కలవాలంటే ఎవరు నిర్ణయిస్తారు? ఢిల్లీలో ఒక గదిలోనా, జిల్లాల జేఏసీల ముందా? 1971 మళ్ళీ జరగదని రాసి ఇస్తారా?

రాష్ట్రం పేరుతో ఏ కాగితం మీద సంతకం పెట్టినా, పెట్టే ముందు దాన్ని జనానికి చూపిస్తారా? హైదరాబాద్, నీళ్ళు, ఉద్యోగాల మీద ఇంకో పెద్దమనుషుల ఒప్పందం మాకు వద్దు.

రేపు టికెట్లు ఇచ్చేటప్పుడు బీసీలు, దళితులు, ఆదివాసీలు, ముస్లింలు, ఆడవాళ్ళు ఎంతమంది? రాజీనామా చేసి గెలిచినవాళ్ళను 2010 జూలై ఉప ఎన్నికల్లో 12 చోట్లా మళ్ళీ గెలిపించింది ఆ జనమే. పీసీసీ అధ్యక్షుడిని కూడా వాళ్ళే ఓడించారు. ఓటు వాళ్ళది, టికెట్ ఎవరిది?

మేం ఇచ్చిన డాలర్లకు లెక్క ఏది?

రాష్ట్రం వచ్చిన మర్నాడు జేఏసీలు ఉంటాయా, మూసేస్తారా? నా దృష్టిలో ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. సంఘటితంగా ఉన్న కొద్దిమందిని ఆపగలిగేది సంఘటితంగా ఉన్న ఎక్కువమందే. ఊరూరా గుడారాలు వేసుకుని వందల రోజులు రిలే దీక్షలు చేసిన ఆ జేఏసీలు మన దగ్గర ఉన్న ఒకే ఒక్క బలం. సాయుధ పోరాటం ఆగినాక ఊరి సంఘాలు లేకపోబట్టే ఖద్దరు టోపీ గడీలోకి తిరిగొచ్చింది. ఆ తప్పు రెండోసారి చేస్తే దానికి ఆంధ్రవాళ్ళను అనడానికి ఉండదు.

ఇక మనం. అమెరికాలో, గల్ఫ్‌లో, లండన్‌లో ఉన్న మనం కూడా ఒక చిన్న పాలకవర్గమే, ఒప్పుకుందాం. గల్ఫ్‌లో కష్టం చేసే అన్నల మాట వేరు, వాళ్ళ చెమట డబ్బు వాళ్ళది. కాని మా బోటివాళ్ళకు నాయకుడి పక్కన ఫోటో కావాలి, హైదరాబాద్‌లో ఒక పని పడితే ఫోన్ చేయడానికి నంబరు కావాలి. నాయకుడికి మన చెక్కులు కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే ఆ టీచరు ప్రశ్నకు హాల్లో ఒక్కరు కూడా తోడు రాలేదు. మన చందా ఇకనుంచి నాయకుల పర్యటనలకు కాకుండా ఊళ్ళలో జేఏసీలకు, కేసుల్లో ఇరుక్కున్న విద్యార్థుల లాయర్ ఫీజులకు, పిల్లలను పోగొట్టుకున్న కుటుంబాలకు పోవాలి. శాలువా కప్పాలంటే వాళ్ళకు కప్పుదాం.

ఆ రోజు మీటింగ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఆ టీచరు గారి దగ్గరికి వెళ్ళి, చప్పట్లు కొట్టినందుకు క్షమించమన్నాను. ఆయన నా భుజం తట్టాడు. "తమ్మీ, నేను రాష్ట్రం అద్దంటలే. నా కండ్లు మూసేలోపు రావాలె. కని అప్పుడు రసీదు లేకుంట ఇచ్చినం. ఈసారి రసీదు అడుగుతున్న, గంతే."

మా ఊళ్ళో రాబోయే మీటింగ్‌లో మొదటి ప్రశ్న నాది. శాలువా తర్వాత. మీ ఊళ్ళో మీరూ ఒక్కరు లేవండి. పక్కన ఇంకొకరు లేచేదాకా కూర్చోకండి.

జై తెలంగాణ.